ఎర్ర దీపం, వేడి గది, ఒక డాక్టరు: నీల్స్ ఫిన్సెన్ జీవితం

నాగావ్ సందుల్లోకి ఎండ దిగకముందే మగ్గాల చప్పుడు దిగుతుంది. పిల్లలు సంచులు తగిలించుకుని బడికి వచ్చే వేళకు, రాత్రి షిఫ్టు ముగించుకున్న తండ్రులు ఎదురొస్తుంటారు. వాళ్ళ జుట్టు మీద, కనుబొమల మీద నూలు దుమ్ము ఉంటుంది. ఈ మధ్య తల్లిదండ్రుల సమావేశంలో ఒక తల్లి తన ఫోనులో వచ్చిన ప్రకటన మాకు చూపించారు. చిన్న చెక్క గది, లోపల వేడి, గోడకు వరసగా ఎర్ర దీపాలు. అందులో రోజూ కొద్దిసేపు కూర్చుంటే ఒళ్ళునొప్పులు పోతాయని, చర్మం మెరుస్తుందని, గుండె గట్టిపడుతుందని రాసి ఉంది. గది కొనే స్తోమత లేనివాళ్ళు దీపం ఒక్కటైనా వాయిదాల మీద కొనుక్కోవచ్చట. భర్తకు నడుము నొప్పి, కొడుకు ముఖం మీద మానని మచ్చ. కొనమంటారా అని ఆమె అడిగారు.

మాకు వెంటనే జవాబు దొరకలేదు. ప్రకటన చివర మాత్రం ఒక పేరు కనిపించింది. కాంతితో వైద్యం చేసి నోబెల్ బహుమతి పొందిన డాక్టర్ ఫిన్సెన్ దారిలోనే మా దీపం నడుస్తోందని వాళ్ళు చెప్పుకున్నారు. ఆ పేరు పట్టుకుని వెనక్కి వెళ్ళి చదివితే రెండు సంగతులు తెలిశాయి. ఒకటి, ఫిన్సెన్ ఎర్ర దీపం వాడిన కారణం ఆ ప్రకటన చెప్పే కారణానికి సరిగ్గా ఎదురు. రెండు, ఆయన మన బడి పిల్లల్లాంటి పిల్లవాడు. ఈ వారం ఆయన జీవితం చెప్పుకుందాం.

మూడు భాషల మధ్య పిల్లవాడు

నీల్స్ రైబెర్గ్ ఫిన్సెన్ 1860 డిసెంబరు 15న టోర్స్‌హావ్న్ అనే చిన్న ఊరిలో పుట్టాడు. అది ఫేరో దీవుల రాజధాని. ఉత్తర అట్లాంటిక్ సముద్రంలో ఐస్‌లాండ్‌కూ నార్వేకూ మధ్య ఉన్న ఈ 18 దీవులు డెన్మార్క్ ఏలుబడిలో ఉండేవి. నడి చలికాలంలో అక్కడ పగలు సుమారు అయిదు గంటలే. ఆ అయిదు గంటల్లోనూ ఎక్కువ భాగం మబ్బు, వాన, గాలి. వెలుతురు విలువ ఏమిటో పుట్టుకతోనే తెలిసే చోటు అది.

తండ్రి హానెస్ ఫిన్సెన్ ఐస్‌లాండ్ కుటుంబానికి చెందినవాడు, ప్రభుత్వ అధికారి. తర్వాత ఆ దీవులన్నిటికీ పాలనాధికారి అయ్యాడు. నీల్స్‌కు నాలుగేళ్ళ వయసులో తల్లి పోయింది. తండ్రి ఆమె దగ్గరి బంధువుల అమ్మాయినే మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఇంటి మూలాలు ఐస్‌లాండ్‌లో, వీధిలో జనం మాట్లాడేది ఫేరో భాష, బడిలోనూ చర్చిలోనూ డేనిష్. ఇంట్లో కరీంనగర్ తెలుగు, సందులో హిందీ, ఆఫీసులో మరాఠీ, పుస్తకంలో ఇంగ్లీషు వినే మన పిల్లలకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

13 ఏళ్ళ వయసులో, 1874లో, నీల్స్‌ను అన్న ఓలాఫ్‌తో పాటు డెన్మార్క్‌లోని హెర్లుఫ్స్‌హోమ్ అనే పేరున్న హాస్టల్ బడికి పంపారు. అన్న నెగ్గుకొచ్చాడు గానీ తమ్ముడు నెగ్గలేకపోయాడు. మార్కులు ఏటికేడు తగ్గాయి. పిల్లవాడి మనసు మంచిదే గానీ తెలివీ చురుకూ తక్కువని ప్రధానోపాధ్యాయుడు రాసి పెట్టాడు. 1876లో నీల్స్‌ను ఆ బడి మాన్పించి, తండ్రి చదివిన పాత బడికి, ఐస్‌లాండ్‌లోని రేక్యవిక్‌కు పంపారు.

అక్కడ పరిస్థితి మెరుగుపడింది కానీ అద్భుతం ఏమీ జరగలేదు. 1882లో చదువు ముగించేటప్పటికి అతనికి 21 ఏళ్ళు. తరగతిలో 15 మంది ఉంటే అతనిది 11వ స్థానం. ఆ స్థానాన్ని చూసి మందబుద్ధి అనడం తేలిక. అక్కడ పాఠాలు ఐస్‌లాండ్ భాషలో జరిగేవని, అది అతనికి అంతగా పట్టుబడని భాష అని, వెనకబాటుకు అది ఒక కారణం కావచ్చని ఆయన చరిత్ర రాసినవాళ్ళలో కొందరు అంటారు. బోర్డు మీది లెక్క అర్థం కాలేదా, లెక్క చెప్పిన భాష అర్థం కాలేదా అన్న తేడా చూడకుండా వేసిన ముద్రలు మన బడుల్లోనూ ఉన్నాయి. ఆ ముద్ర వేసిన ప్రధానోపాధ్యాయుడి పేరు ఇవాళ ఎవరికీ గుర్తులేదు. ముద్ర పడిన పిల్లవాడి పేరు మాత్రం టోర్స్‌హావ్న్‌లోని పెద్ద బజారు వీధికి ఉంది.

ఉత్తరం వైపు గది

1882లోనే నీల్స్ వైద్యం చదవడానికి కోపెన్‌హాగెన్ చేరాడు. చదువుకునే రోజుల్లోనే ఒంట్లో ఏదో తేడా మొదలైంది. కాలేయం, గుండె, ప్లీహం చుట్టూ ఉండే పొరలు మందంగా గట్టిపడి, ఆ అవయవాల పని మందగించే జబ్బు అది. కడుపులో నీరు చేరేది, నీరసం వచ్చేది. ఆ జబ్బు ఆయన్ని చివరిదాకా వదల్లేదు.

ఆయన ఉన్న గది ఉత్తరం వైపు ఉండేది. ఎండ లోపలికి వచ్చేది కాదు. రక్తం తక్కువై, ఎప్పుడూ అలసటగా ఉండేవాడు. ఎండలో నిలబడితే కాస్త తేరుకున్నట్టు అనిపించేది. కిటికీలోంచి చూస్తే ఎదుటి కప్పు మీద ఒక పిల్లి పడుకుని ఉందని, నీడ తన మీదకు జరిగినప్పుడల్లా అది లేచి ఎండలోకి జరిగేదని, ఆ పిల్లే ఆయనకు ఆలోచన ఇచ్చిందని ఒక కథ చెబుతారు. పిల్లి ఎండలోకి జరగడం ఎవరైనా చూస్తారు. ఫిన్సెన్ ఆ సంగతి పట్టుకుని, ఎండలో ఏ భాగం ఏ పని చేస్తోందని అడిగాడు.

1890లో డాక్టరు పట్టా చేతికొచ్చింది. విశ్వవిద్యాలయంలో శరీర నిర్మాణ విభాగంలో, పాఠాలకు శవాలను కోసి సిద్ధం చేసే ఉద్యోగం దొరికింది. 1892 డిసెంబరులో ఇంగెబోర్గ్ బాల్‌స్లెవ్‌ను పెళ్ళి చేసుకున్నాడు. మిగిలిన సమయమంతా వెలుతురు మీద పరీక్షలు.

ఆ పరీక్షలకు పెద్ద ప్రయోగశాల ఏమీ లేదు. తన ముంజేతి మీద నల్ల ఇంకుతో పట్టీ గీసుకుని ఎండలో పెట్టాడు. తర్వాత ఇంకు కడిగి చూస్తే, పట్టీ కింది చర్మం తెల్లగా ఉంది, చుట్టూ ఎర్రబడి కమిలింది. కొన్నాళ్ళకు కమిలిన చోటు రంగు తేలింది. ఈసారి ఇంకు లేకుండా అదే చెయ్యి ఎండలో పెట్టాడు. ముందు తెల్లగా మిగిలిన పట్టీయే ఇప్పుడు కమిలింది, రంగు తేలిన చోటు తట్టుకుంది. మన ఒంటి రంగు ఎండకు కట్టిన గొడుగు అని ఆ చెయ్యి చెప్పింది. ఇంకో పరీక్షలో రంగు అద్దాలు మూతగా అమర్చిన పెట్టెలో వానపాముల్ని వదిలాడు. అవి నీలం అద్దం కింది నుంచి పాకి ఎర్ర అద్దం కిందికి పోయాయి. నీలం, ఊదా రంగుల కాంతి ప్రాణుల్ని కదిలిస్తోంది. ఎర్ర కాంతి వాటికి చీకటితో సమానం.

ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే తర్వాతి కథ అంతా అర్థమవుతుంది.

ఎర్ర తెరల వెనక

ఆ రోజుల్లో మశూచి ఇంకా మనుషుల్ని చంపుతూనే ఉంది. మన పల్లెల్లో దాన్ని అమ్మవారు పోసిందనేవాళ్ళు, గుమ్మానికి వేపమండలు కట్టేవాళ్ళు. బతికి బయటపడ్డవాళ్ళకు కూడా ముఖం నిండా గుంటలు మిగిలేవి. ముఖం మీద, చేతుల మీద, అంటే బట్ట కప్పని చోట్లనే మచ్చలు లోతుగా పడడం ఫిన్సెన్ గమనించాడు. పుండు మీద పడే వెలుతురులోని నీలం, ఊదా, వాటికి అవతల కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు దాన్ని మరింత రెచ్చగొడుతున్నాయేమో అనుకున్నాడు.

1893లో ఆయన ఒక సలహా ప్రచురించాడు. మశూచి రోగిని ఉంచే గదికి దట్టమైన ఎర్ర తెరలు కట్టండి, ఎర్ర గాజు బిగించండి. లోపలికి ఎర్ర కాంతి తప్ప వేరేది రాకూడదు. పాత రోజుల్లో ఫొటో స్టూడియోల వెనక చీకటి గది ఉండేది. అందులో ఎర్ర బల్బు వెలిగించి ఫొటోలు కడిగేవారు. ఎర్ర కాంతి ఫొటో కాగితాన్ని పాడుచెయ్యదు కాబట్టే ఆ బల్బు. ఫిన్సెన్ ఎర్ర గది సరిగ్గా అలాంటిదే. ఎర్ర రంగు వైద్యం చేస్తుందని ఆయన అనలేదు. అది ఏమీ చెయ్యదు కాబట్టి, హాని చేసే కిరణాల్ని అడ్డుకుని మనిషికి కళ్ళు కనిపించేంత వెలుతురు ఇస్తుంది కాబట్టి దాన్ని ఎంచుకున్నాడు.

అదే ఏడాది నార్వేలోని బెర్గెన్‌లో కొద్దిమంది రోగుల్ని ఇలా ఉంచి చూశారు. చీము తక్కువ పట్టిందని, మచ్చలు తక్కువ పడ్డాయని కబురొచ్చింది. ఎర్ర గదులు దేశదేశాలకు పాకాయి. కానీ తర్వాత ఇతర డాక్టర్లు జాగ్రత్తగా పోల్చి చూసినప్పుడు ఆ మేలు నిలబడలేదు. ఎర్ర గది మెల్లగా పాతబడింది. మశూచిని చివరికి పోగొట్టింది టీకా. భారతదేశంలో చివరి కేసు 1975లో వచ్చింది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి అంతరించిందని ప్రకటించింది.

అంటే ఫిన్సెన్ పేరుతో ముడిపడిన ఎర్ర కాంతి వైద్యం ఆయన గెలిచిన చోటు కాదు. ఆయన గెలుపు వేరే రంగులో ఉంది.

వేడి తీసేసిన వెలుతురు

కొన్ని కిరణాలు చర్మాన్ని అంతగా కదిలించగలిగితే, వాటిని మంచికి వాడలేమా? ఇది ఆయన రెండో ప్రశ్న. వెలుతురు సూక్ష్మజీవుల్ని చంపుతుందని అప్పటికే ఇంగ్లండులో తేలింది. క్షయ సూక్ష్మజీవి చర్మంలో చేరి ముఖాన్ని కొరుక్కుతినే జబ్బు ఒకటి ఉండేది. దాని పేరు లూపస్ వల్గారిస్. లూపస్ అంటే లాటిన్‌లో తోడేలు. ముక్కు, బుగ్గ, పెదవి ఏళ్ళ తరబడి కరిగిపోతుండేవి. రోగులకు పని దొరికేది కాదు, పెళ్ళి అయ్యేది కాదు, చాలామంది ఇంటి నుంచి బయటికే వచ్చేవారు కాదు. ఇవాళ కీళ్ళ వైద్యులు లూపస్ అని పిలిచే జబ్బు వేరు, ఇది వేరు.

1895 నవంబరులో కోపెన్‌హాగెన్‌లోని ఒక విద్యుత్ కేంద్రంలో ఫిన్సెన్ తన మొదటి రోగికి వైద్యం మొదలుపెట్టాడు. ఆ రోగి ఒక ఇంజనీరు. ఏళ్ళ తరబడి ఎన్నో వైద్యాలు చేయించుకుని విసిగినవాడు. రెండు బొగ్గు కడ్డీల మధ్య కరెంటు దూకేటప్పుడు వచ్చే కళ్ళు మిరుమిట్లు గొలిపే వెలుగును అద్దాలతో ఒకచోటికి చేర్చి, పుండు మీద చిన్న బిళ్ళంత మేర పడేలా చేశాడు. నెలల తరబడి రోజూ వైద్యం సాగింది. పుండు మానింది.

ఆ పరికరం ఎలా పనిచేసేదో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. కాంతిని ఒకచోటికి చేరిస్తే వేడి కూడా చేరుతుంది, చర్మం కాలుతుంది. ఫిన్సెన్‌కు వెలుతురు కావాలి, వేడి అక్కర్లేదు. మొదట్లో ఎండతో వైద్యం చేసేటప్పుడు లోపల డొల్లగా ఉండే పెద్ద గాజు కటకంలో మైలుతుత్తం, అమోనియా కలిపిన నీలి నీళ్ళు నింపేవాడు. ఆ నీళ్ళు ఎరుపునూ వేడినీ ఆపేసి, నీలం ఊదా కాంతిని వదిలేవి. తర్వాత దీపానికి స్ఫటికపు కటకాలు పెట్టి, వాటి మధ్య చల్లటి నీళ్ళు పారించాడు. మామూలు గాజు చాలా కిరణాల్ని మింగేస్తుంది, స్ఫటికం పోనిస్తుంది.

ఇంకో అడ్డంకి రక్తం. చర్మంలోని రక్తం ఈ కిరణాల్ని మింగేసి లోపలికి పోనివ్వదు. అందుకని నర్సు ఒక స్ఫటికపు బిళ్ళతో పుండును గట్టిగా నొక్కి పట్టుకునేది. ఆ చోట రక్తం పక్కకు పోయి చర్మం పాలిపోయేది. అప్పుడు వెలుతురు లోతుకు దిగేది. ఒక్కో చోటికి గంటకు పైగా, రోజూ, నెలల పాటు. ఒక దీపం చుట్టూ నలుగురు రోగులు, నలుగురు నర్సులు. ఇంత ఓపిక, ఇంతమంది చేతులు పడితే గానీ వెలుతురు మందు కాలేదు.

1896లో కోపెన్‌హాగెన్‌లో ఫిన్సెన్ కాంతి వైద్య సంస్థ మొదలైంది. హాగెమాన్, యోర్గెన్సెన్ అనే ఇద్దరు పారిశ్రామికవేత్తలు డబ్బు పెట్టారు. తర్వాత ప్రభుత్వమూ చేయి వేసింది. రోగులకు వైద్యానికి ముందూ తర్వాతా ఫొటోలు తీసి దాచేవారు. మొదటి అయిదారేళ్ళలో 800 మందికి పైగా లూపస్ రోగులు అక్కడికి వచ్చారు. వాళ్ళలో ఎక్కువ మందికి నయమైంది. 1900లో డెన్మార్క్ రాజకుమార్తె, అప్పటి బ్రిటన్ యువరాణి అలెగ్జాండ్రా లండన్ ఆసుపత్రికి ఒక ఫిన్సెన్ దీపం బహుమతిగా ఇచ్చింది. దీపం దేశాలు దాటింది.

వీల్‌చైర్ దాకా

1903లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఫిన్సెన్‌కు వచ్చింది. డెన్మార్క్‌కు అదే మొదటి నోబెల్. అంతకు ముందు ఏడాది ఆ బహుమతి రొనాల్డ్ రాస్‌కు వచ్చింది. 1897లో మన సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసినవాడు ఆయనే. 1903లోనే క్యూరీ దంపతులకూ బెకెరెల్‌కూ భౌతికశాస్త్రంలో బహుమతి దక్కింది.

ఫిన్సెన్ బహుమతి అందుకోవడానికి స్టాక్‌హోమ్ వెళ్ళలేకపోయాడు. అప్పటికే చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. కడుపులో చేరిన నీటిని డాక్టర్లు పదే పదే తీస్తుండేవారు. బహుమతి డబ్బులో పెద్ద భాగం తన సంస్థకూ, గుండె, కాలేయ రోగుల కోసం నడిపే ఆసుపత్రికీ ఇచ్చేశాడు.

ఈ మనిషి చివరి నెలల్లో చేసిన పని మాకు అన్నిటికన్నా పెద్దదిగా తోచింది. ప్రపంచమంతా కాంతి వైద్యానికి ఆయన్ని గురువు అంటున్న సమయంలో, తన జబ్బుకు తన దీపం పనిచెయ్యదని ఆయనకు తెలుసు. అందుకని దీపం కింద కూర్చోలేదు. తాను రోజూ తినే తిండి, తాగే నీరు, ఒంట్లోకి పోయే ఉప్పు తూకం వేసి రాసుకున్నాడు. ఉప్పు తగ్గిస్తే ఒంట్లో నీరు చేరడం తగ్గుతుందేమో చూశాడు. ఆ లెక్కలతో 1904లో ఒంట్లో ఉప్పు పేరుకోవడం గురించి వ్యాసం ప్రచురించాడు. అదే ఆయన చివరి పని. 1904 సెప్టెంబరు 24న, 43 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు.

ఆయన జ్ఞాపకంగా 1909లో కోపెన్‌హాగెన్‌లో ఒక శిల్పం పెట్టారు. మనుషులు వెలుతురు వైపు చేతులు చాస్తున్నట్టు ఉంటుంది అది.

తర్వాత వచ్చినవి

ఫిన్సెన్ దీపం ఇప్పుడు మ్యూజియంలలో ఉంది. 1940లలో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ వచ్చాక చర్మ క్షయకు మాత్రలే వైద్యమయ్యాయి. కానీ ఆయన అడిగిన ప్రశ్న, ఏ కాంతి ఏ జబ్బుకు అన్నది, చాలా దూరం నడిచింది. 1919లో బెర్లిన్‌లో హుల్డ్‌షిన్‌స్కీ అనే డాక్టరు అతినీలలోహిత దీపంతో పిల్లల ఎముకల వంకర జబ్బు, రికెట్స్, నయం చేసి చూపించాడు. 1958లో ఇంగ్లండు డాక్టర్లు పసికందుల కామెర్లకు కాంతి పనిచేస్తుందని ప్రకటించారు. ఇవాళ ప్రసూతి ఆసుపత్రుల్లో కళ్ళకు గంతలు కట్టి నీలి దీపాల కింద పడుకోబెట్టిన పసిపిల్లలు ఫిన్సెన్‌కు మునిమనవళ్ళే అనుకోవచ్చు.

ఇవాళ అమ్మే ఎర్ర కాంతి దారి వేరు. 1967 ప్రాంతంలో హంగేరీలో ఎండ్రె మెస్టర్ అనే డాక్టరు బలహీనమైన ఎర్ర లేజర్ తగిలిన ఎలుకలకు బొచ్చు త్వరగా పెరగడం గమనించాడు. ఎర్ర కాంతి, దాని పక్కనే కంటికి కనిపించని పరారుణ కాంతి, కణాల్లో శక్తి తయారయ్యే చోట పనిచేస్తాయని అప్పటి నుంచీ పరిశోధన సాగుతోంది. క్యాన్సర్ వైద్యంలో నోరు పూసినవాళ్ళకు ఆసుపత్రుల్లో దీన్ని లెక్క ప్రకారం వాడుతున్నారు. జుట్టు రాలడానికీ, కొన్ని నొప్పులకూ కొంత ఉపయోగం కనిపించింది. అంటే ఫిన్సెన్ అనుకున్నట్టు ఎర్ర కాంతి పూర్తిగా నిద్రపోయే కాంతి కాదు. పెద్దవాళ్ళ మాట కూడా పరీక్షకు నిలబడాల్సిందే. అలా అడగడం ఆయనే నేర్పాడు.

వేడి స్నానానిది ఇంకో దారి. ఫిన్లాండ్‌లో ప్రతి ఇంటికీ సౌనా అనే వేడి చెక్క గది ఉంటుందంటే పెద్ద అతిశయోక్తి కాదు. అందులో 80 డిగ్రీలకు పైగా వేడి. 2015లో అక్కడి పరిశోధకులు సుమారు 2,300 మంది నడివయసు మగవాళ్ళను 20 ఏళ్ళ పాటు గమనించిన లెక్కలు వెల్లడించారు. వారానికి నాలుగుసార్లు, అంతకు మించి సౌనా చేసినవాళ్ళలో గుండె జబ్బు మరణాలు, వారానికి ఒక్కసారి చేసినవాళ్ళలో కన్నా తక్కువ. ఇది గమనింపు మాత్రమే. ఆరోగ్యంగా, తీరికగా ఉన్నవాళ్ళే ఎక్కువసార్లు వెళ్ళి ఉండవచ్చు కూడా. మనకూ వేడి స్నానం కొత్త కాదు. జర్మనీలో ఆవిరి స్నానాలు, తొట్టి స్నానాలు చేయించిన లూయీ కూనే పుస్తకాన్ని ద్రోణంరాజు వెంకటాచలపతి శర్మ 1894లోనే తెలుగులోకి తెచ్చారు. ఫిన్సెన్ ఎర్ర తెరల గురించి రాసిన మరుసటి ఏడాది అది.

ఎర్ర కాంతికి కొంత ఆధారం ఉంది, వేడి స్నానానికి కొంత ఉంది. రెంటినీ ఒకే గదిలో పెడితే మేలు రెట్టింపవుతుందన్న మాటకు మాత్రం అలాంటి పెద్ద ఆధారం లేదు. అది అమ్మకం కోసం వేసిన కూడిక. వెలుతురు పనిచెయ్యాలంటే వేడిని తీసెయ్యాలని ఏళ్ళు కష్టపడ్డ మనిషి పేరును ఆ కూడిక కింద పెట్టడం ఆయనకు చేసే గౌరవం కాదు.

ఆ తల్లికి మేము చెప్పింది

తర్వాతి వారం ఆమె వచ్చినప్పుడు మేము నాలుగు మాటలు చెప్పాం.

మొదటిది, నడుము నొప్పి సంగతి. ఆమె భర్త రోజుకు 12 గంటలు మగ్గాల మధ్య వేడిలో నిలబడతారు. ఒళ్ళంతా చెమట పడుతుంది కదా, అదీ సౌనాయే అని ఎవరో నవ్వులాటకు అన్నారట. రెండూ ఒకటి కావు. సౌనాలో మనిషి పదీ పదిహేను నిమిషాలు కూర్చుంటాడు, తల తిరిగితే లేచి వస్తాడు, నీళ్ళు తాగుతాడు, చల్లబడతాడు, విశ్రాంతి తీసుకుంటాడు. కార్ఖానాలో లేచి రావడానికి లేదు. పగలంతా వేడి మింగిన ఒంటికి మళ్ళీ వేడి గది కన్నా నీళ్ళు, నీడ, నిద్ర ముందు కావాలి. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవాళ్ళూ, గర్భిణులూ డాక్టరును అడక్కుండా అలాంటి గదుల్లోకి వెళ్ళనేకూడదు.

రెండోది, కొడుకు ముఖం మీది మచ్చ. వారాల తరబడి మానని మచ్చను దీపానికి చూపించకూడదు, చర్మ వైద్యుడికి చూపించాలి. ఫిన్సెన్ పోరాడిన చర్మ క్షయ మన దేశంలో ఇంకా ఉంది. ప్రతి మచ్చా అదే కాదు, చాలా మచ్చలు మామూలు తామరే. కానీ అది ఏదో చెప్పాల్సింది డాక్టరు. క్షయ అయితే పరీక్షా మాత్రలూ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం, పూర్తిగా వాడితే నయమవుతుంది. ఎర్ర దీపం ముందు గడిపిన ఆరు నెలలు మాత్రం తిరిగి రావు.

మూడోది, ఎండ. మన ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, చాలా గదులకు కిటికీ లేదు. ఒంట్లో విటమిన్ డి తయారవడానికి కావలసిన కిరణాలు కిటికీ అద్దంలోంచి రావు, ఎర్ర దీపంలో అసలే లేవు. పిల్లల్ని రోజూ కాసేపు మేడ మీదో మైదానంలోనో ఆడుకోనివ్వడం వాయిదాలు లేని కాంతి వైద్యం. పచ్చ కామెర్లున్న పసిబిడ్డ విషయంలో మాత్రం ఇంటి ఎండనూ నమ్ముకోకుండా ఆసుపత్రికే తీసుకెళ్ళాలి.

నాలుగోది డబ్బు. ఆ దీపం వాయిదాలు ఆమె కొడుకు ఏడాది పుస్తకాల ఖర్చు కన్నా ఎక్కువ. ఏ వస్తువు అమ్మవచ్చినా మూడు ప్రశ్నలు అడగమన్నాం. ఇది ఏ జబ్బుకు? ఎంతమంది మీద, దేనితో పోల్చి చూశారు? పనిచెయ్యకపోతే నా జబ్బు ఈలోగా ఎంత ముదురుతుంది? ఫిన్సెన్ తనను తాను అడుక్కున్నవి ఇవే ప్రశ్నలు. తన ఒంటి విషయంలో కూడా తప్పించుకోలేదు.

ఉపాధ్యాయులకు ఒక మాట. ఆరు, ఏడు తరగతుల్లో కాంతి పాఠం వచ్చినప్పుడు ఈ జీవితం చెప్పండి. పాత సీడీ ఒకటి ఎండలో తిప్పితే గోడ మీద రంగులు పడతాయి. ఏ రంగు పక్కన కంటికి కనిపించని కిరణాలున్నాయో పిల్లల్నే వేలుపెట్టి చూపించమనండి. ముందు తెలుగులో చెప్పనివ్వండి, తర్వాత మరాఠీలో, ఇంగ్లీషులో. జవాబు తెలిసీ మాట దొరక్క ఆగిపోయే పిల్లవాడు వెనక బెంచీలో ఉంటాడు. పదకొండో స్థానం రాసేముందు అతన్ని ఇంకొకసారి అడగండి.

ఆ తల్లి దీపం కొనలేదు. కొడుకును చర్మ వైద్యుడికి చూపించారు. అది తామరేనట. మందు రాస్తే మూడు వారాల్లో తగ్గింది.